తప్పుగా కలిపినా కాలని డబ్బా

గగన్‌పహాడ్‌లో చలపతిగారి షెడ్డులో ఎవరు కొత్తగా చేరినా మొదటి వారంలోనే ఒక హెచ్చరిక చెవిన పడుతుంది. సరితతో వాదన పెట్టుకోకండి. ఆమె ప్రతిసారీ గెలుస్తుందని కాదు, ఓడిపోయినా ఒప్పుకోదు. సాయంత్రం నోరు మూసుకుని ఇంటికెళ్తుంది. పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని వచ్చి, నిన్న ఎక్కడ ఆపిందో సరిగ్గా అక్కణ్నుంచి మళ్లీ ఎత్తుకుంటుంది. చలపతిగారిదేమో గుడివాడ దగ్గరి ఊరు. మర్యాదస్తుడు, గొడవంటే ఆమడ దూరం. అలాంటి మనిషి దగ్గర ఇలాంటి మనిషి ఇన్నేళ్లుగా ఎలా పనిచేస్తోందని అందరికీ వింతే. జవాబు మాత్రం తేలిక. ఆ షెడ్డులో సర్క్యూట్ గీయగలిగింది ఆమె ఒక్కతే.

ఆ మొండితనం తల్లి శివమ్మ నుంచి వచ్చింది. మంఖాల్‌లో శివమ్మ బర్రెలు మేపి పాలు పోసేది. పాలు కొనే మనిషి ఆడవాళ్లు తెచ్చిన క్యాన్లలోకి పైనుంచి తొంగి చూసి, ఇన్ని ఉంటాయిలే అని అంచనా కట్టేవాడు. మేం ఇంటి దగ్గర కొలిచే తెచ్చామని మిగతావాళ్లు మొత్తుకునేవారు. శివమ్మ మొత్తుకోలేదు. "ఇంట్ల ఎంతుంటే ఏంది? నీ క్యాన్ల ఎంత వడ్డదో అది చెప్పు. నా కండ్ల ముందర ఆడ్నే కొలువు. లేకపోతే నేల మీద పోస్త గని నీకు పొయ్య" అని ఒకనాడు నిజంగానే క్యాన్ ఎత్తింది. నలుగురిలో ఆయన పరువు పోయింది, మర్నాటి నుంచి కొలపాత్ర వచ్చింది. పక్కన స్కూల్ బ్యాగుతో నిలబడ్డ సరిత ఆ రోజు సిగ్గుతో చచ్చిపోయింది. ఆ సిగ్గు ఎంతోకాలం నిలవలేదు లెండి.

పెద్దయ్యాక ఎలక్ట్రానిక్స్ చదివింది. తోటివాళ్లందరూ గచ్చిబౌలి వైపు బస్సెక్కి సాఫ్ట్‌వేర్‌లో కుదురుకుంటే, ఈమె చలపతిగారి షెడ్డులో సోల్డర్ పొగ పీలుస్తూ ఉండిపోయింది. ఎందుకని అడిగినవాళ్లకు, "నాకు చేత్తో పట్టుకునే వస్తువు కావాలె" అని ఒకటే సమాధానం. షంషాబాద్‌లో కిరాయి ఇంట్లో ఉంటుంది. భర్త వీరేందర్ ఎయిర్‌పోర్టుకు క్యాబ్ నడుపుతాడు. ఇంట్లో వాదనల సంగతి ఆయన్నే అడగాలి.

ఇంతకీ ఆ షెడ్డులో తయారయ్యేది అరచేతిలో ఇమిడే డబ్బా. ట్రాన్స్‌మిటర్ అంటారు. చల్లటి గదిలో ఎంత వేడి ఉందో సెన్సర్ పసిగడితే, ఆ కబురును తీగ మీద దూరంగా ఉన్న ప్యానెల్‌కు చేరవేయడం దాని పని. చిక్కంతా ఎక్కడంటే, ప్యానెళ్లన్నిటికీ ఒకే భాష రాదు. కొన్ని తీగలో పారే మిల్లీయాంపులు చూసి అర్థం చేసుకుంటాయి. కొన్నిటికి వోల్టులే కావాలి. కొత్తగా వచ్చినవైతే నేరుగా అంకెల్లో చెప్పమంటాయి. అందుకని చలపతిగారు మూడు రకాల డబ్బాలు అమ్మేవారు. కొనేవాళ్లు ఒకటి కావలసిన చోట ఇంకొకటి తీసుకెళ్లేవారు. పనిచేయడం లేదని ఫోన్లు, తిట్లు, వాపసులు. మంచి డబ్బాను పట్టుకుని జనం పాడైందంటుంటే సరితకు ఒళ్లు మండిపోయేది.

"మూడు మాటలూ మాట్లాడే డబ్బా ఒక్కటే చేద్దాం సార్" అంది ఒకరోజు.

"ఉన్న మూడూ బాగానే పోతున్నాయి కదమ్మా."

"పోతలెవ్ సార్, తిరిగొస్తున్నయ్."

అలా మొదలైన పని చాలాకాలం పట్టింది. చివరికి చేసింది. బయట తీగలు బిగించే రెండు స్క్రూలు అవే, లోపల మూడు దారులు. మూత తీస్తే చిన్న స్విచ్. దాన్ని మిల్లీయాంపుల వైపో, వోల్టుల వైపో, అంకెల వైపో జరిపి, ఆ తర్వాత తీగలు కలపాలి. బల్ల మీద ముచ్చటగా పనిచేసింది. చలపతిగారు షెడ్డులో అందరికీ మైసూర్‌పాక్ పంచారు. మొదటి డబ్బాలు ఎయిర్‌పోర్టుకు పోయే దారిలో ఉన్న ఒక కోల్డ్‌స్టోరేజీకి వెళ్లాయి. విమానమెక్కే పూలు అక్కడ నిలవ ఉంటాయి.

బిగించిన పూటే అన్నీ కాలిపోయాయి.

బిగించింది కుర్మయ్య. గగన్‌పహాడ్ చుట్టుపక్కల షెడ్లన్నిటికీ వైరింగ్ చేసే మనిషి, చలపతిగారు పంపే పనులకూ వెళ్తాడు. ఇక్కడి వైర్‌మన్లకు ఒక అలవాటుంది. ప్యానెల్ నుంచి రెండు తీగలు వస్తే, మీటరు తీసి చూసేంత తీరిక ఉండదు. రెండు కొసలనూ ఒక్క క్షణం తాకిస్తారు. చిటుక్కుమని నిప్పురవ్వ లేచిందా, తీగలో ప్రాణం ఉన్నట్టు. లేచింది కదాని తెచ్చి డబ్బాకు కలిపేస్తారు. ఏది ప్లస్సు, ఏది మైనస్సు అన్నది తర్వాత చూసుకోవచ్చు, పనిచేయకపోతే తిప్పి కలపొచ్చు. పాత డబ్బాలు అటూ ఇటూ కలిపినా ఎలాగో బతికేవి. కొత్త డబ్బా బతకలేదు. కుర్మయ్య మూతే తీయలేదు, స్విచ్ వోల్టుల వైపే ఉండిపోయింది. అవతల ప్యానెల్ మిల్లీయాంపులది. అది తన ఇరవై నాలుగు వోల్టులనూ తీగలోకి తోస్తే, పది వోల్టులకు మించి ఎరగని లోపలి ట్రాన్సిస్టర్ మాడి మసైంది. వేడి ఎంతో చెప్పే దిక్కులేక ఒక గది గులాబీలు వాడిపోయాయి.

కోల్డ్‌స్టోరేజీ మేనేజర్ రాఘవేందర్‌కు ఎవరో ఒకరు దోషి కావాలి. చేతికి అందింది కుర్మయ్యే. "రాంగ్ వైరింగ్" అని రాసి, గేటు పాస్ లాక్కుని బయటికి పంపాడు. ఆ ప్రాంతంలో ఒక గేటు దగ్గర పాస్ పోయిందంటే మిగతా గేట్లు కూడా అనుమానంగానే చూస్తాయి. అంటే కుర్మయ్య నోటికాడి కూడు పోయినట్టే.

చలపతిగారు మాత్రం ఊపిరి పీల్చుకున్నారు. సరితను గదిలోకి పిలిచి, మెల్లగా చెప్పారు.

"గండం గడిచిందమ్మా. వైరింగ్ తప్పేనని మనం కూడా ఒక ముక్క రాసిచ్చేద్దాం. మూత మీద 'ముందు స్విచ్ చూడండి' అని స్టిక్కర్ వేద్దాం. నీ డబ్బా నిలబడుతుంది."

"మరి కుర్మయ్య?"

"పాపం, నిజమే. కానీ తప్పు అతనిదే కదా? మూత కూడా తియ్యలేదట."

అది అబద్ధం కాదు. సరిత కాలిన బోర్డుల్లో ఒకదాన్ని చేతిలోకి తీసుకుని చూస్తూ కూర్చుంది. నల్లబడ్డ ఆ మచ్చ తను గీసిన దారిలోనే ఉంది. ఎక్కువ వోల్టులు లోపలికి రాకుండా ఆ చోట కాపలా పెట్టాలని గీసేటప్పుడే అనిపించింది. పెడితే కొలతలో తేడా వస్తుందని మానేసింది. స్విచ్ ఉంది కదా, జనం చూసుకుంటారులే అనుకుంది. ఏ జనం? ఏనాడైనా కుర్మయ్య మూత తీసి కాగితం చదివి పని మొదలుపెట్టగా ఆమె చూసిందా? చూడలేదు. తెలిసి తెలిసీ, లేని మనిషి కోసం డబ్బా చేసింది.

"సార్, తప్పు నా సర్క్యూట్‌ది. నేను గిట్ల రాయ్య."

"అయ్యో, తప్పు మనదని రాస్తే ఆ డబ్బా ఇంకెవరు కొంటారమ్మా? ఇక దాన్ని మూలన పడేసి, పాత మూడూ అమ్ముకోవాల్సిందే. నువ్వే ఆలోచించు. డబ్బా కావాలో, కుర్మయ్య కావాలో."

"రెండూ కావాలె" అంది సరిత.

చలపతిగారు నుదురు రుద్దుకున్నారు. ఈ వాదన రేపు కూడా ఉంటుందని ఆయనకు అర్థమైంది. కోల్డ్‌స్టోరేజీలో కొత్త గది కడుతున్నారని, అది తెరిచేదాకా ఏ కాగితమూ పంపనని మాటిచ్చారు. ఆ లోపు ఏదైనా చేసి చూపించు, లేదంటే నేను చెప్పినట్టే రాస్తాను అన్నారు.

కుర్మయ్య ఆరాంఘర్ దగ్గర హోటల్లో దొరికాడు. ఆమెను చూడగానే మొహం తిప్పుకున్నాడు.

"ఇంకేం మిగిలిందక్కా? ఊరంతా చెప్పిన్రు గద, కుర్మయ్యకు పని రాదని."

"నాకు ఒక్కటి చెప్పన్నా. మూత ఎందుకు తియ్యలే?"

"మూత తీస్తే లోపలికి దుమ్ము పోతది. మీవోళ్లే చెప్తరు, తియ్యొద్దని."

అదీ నిజమే. పాత డబ్బాల మీద 'మూత తెరవరాదు' అని ఎర్ర అక్షరాలతో ఉండేది. ఏళ్ల తరబడి తెరవొద్దని చెప్పి, ఒక్కసారిగా ఎందుకు తెరవలేదని అడుగుతున్నారు. సరితకు నవ్వొచ్చింది, దాని వెనకే కోపమూ వచ్చింది.

"నీది తప్పే అన్నా, కాదనను. మీటర్ వెట్టి చూడాలె. కని నువ్వు తప్పు చేసినా నా డబ్బా చావొద్దు. అది నా తప్పు. రేపట్నుంచి షెడ్డుకు రా."

"వచ్చి ఏం చెయ్యాలె?"

"డబ్బాలు కాల్చు. నీ ఇష్టమొచ్చినట్టు కలిపి కాల్చు."

కుర్మయ్య ఆమెను ఎగాదిగా చూశాడు. వెక్కిరిస్తోందేమో అనుకున్నాడు. వెక్కిరింత కాదని తెలిశాక మిగిలిన టీ గుక్కలో తాగేశాడు. ఆ తర్వాత, "కాల్చుడంటే మనకు మంచిగనే వస్తది" అని లేచాడు.

ఆ రోజుల్లో షెడ్డులో ఎప్పుడు చూసినా మాడిన వాసనే. సరిత మొదట స్విచ్ పీకి పారేసింది. మనిషి ఎంచుకోవడం కాదు, డబ్బానే తెలుసుకోవాలి. ప్రాణం రాగానే మూడు దారులూ మూసుకుని, ముందు తీగను వింటుంది. అవతలి నుంచి వోల్టులు తోసుకొస్తున్నాయా? అయితే మిల్లీయాంపుల ప్యానెల్. అంకెల సందడి వినిపిస్తోందా? అయితే కొత్త రకం. రెండూ లేవా? రవ్వంత కరెంటు పంపి తట్టి చూస్తుంది, ఎదురు ఎంత వచ్చిందో చూసి తేల్చుకుంటుంది. అన్నీ తేలాకే ఒక్క దారి తెరుస్తుంది. కొత్త ఇంట్లోకి వెళ్లిన మనిషి నాలుగు మాటలు విన్నాక నోరు తెరిచినట్టు. వినడానికి బాగానే ఉంది. కుర్మయ్య మాత్రం ప్రతిదాన్నీ కాల్చాడు. తిప్పి కలిపి కాల్చాడు, అది విని తేల్చుకునే లోపే తీగలు ఊడబీకి మార్చి కాల్చాడు, తడి చేత్తో పట్టుకుని కాల్చాడు. ఒకసారి ప్యానెల్ మాట మరిచిపోయి నేరుగా బ్యాటరీకి తగిలించాడు.

"గిదెవలన్నా చేస్తరా?" అని సరిత అరిచింది.

"నేను జేసిన గద" అన్నాడు కుర్మయ్య.

చివరికి తలుపు దగ్గర కాపలా పెట్టక తప్పలేదు. తీగ ఎటు తిప్పి కలిపినా కరెంటును సరైన వైపు మళ్లించేది ఒకటి, ఎక్కువైతే వేడెక్కి దారి మూసేసి, చల్లారాక మళ్లీ తెరిచేది ఒకటి. ఇక కాలడం ఆగింది. ఆగగానే ఆమె మొదట భయపడ్డ కష్టం వచ్చి కూర్చుంది. కాపలావాడు దారిలో కొంత మింగుతున్నాడు. లోపల పది వోల్టులు పంపితే బయట తొమ్మిదిన్నరే తేలుతోంది. చల్లటి గది ఇంకా చల్లగా ఉందని డబ్బా అబద్ధం చెబుతోంది. కాపలాను కలిపి చూసింది, తీసి చూసింది, లెక్క సరిచేసే అంకె వేసింది. ఎండ పెరిగితే ఆ అంకె మారిపోయేది. కొత్త గది గోడలకు రంగులు కూడా పడుతున్నాయని చలపతిగారు మాటల్లో మాటగా గుర్తుచేస్తున్నారు.

ఆదివారం మంఖాల్ వెళ్లింది. శివమ్మ ఇప్పటికీ పాలు పోస్తుంది. వాకిట్లో పాలతను కొలుస్తున్నాడు, శివమ్మ కన్నార్పకుండా చూస్తోంది. ఇంట్లో తను కొలిచిన లెక్క గురించి పెదవి కూడా కదపలేదు. సరిత చేతిలో చెప్పు ఒకటి, కాలికి ఒకటి, గుమ్మం దగ్గరే ఆగిపోయింది. తను ఇన్నాళ్లూ కొలుస్తున్నది కాపలావాడికి ఇవతల, అంటే ఇంట్లో. కొలవాల్సింది అవతల, స్క్రూ దగ్గర. అక్కడ ఎంత పడిందో చూసి, తక్కువైతే ఇంకాస్త పొయ్యాలి. వాడెంత మింగితే మనకేం? సన్నటి దారి ఒకటి స్క్రూ నుంచి లోపలికి వెనక్కి గీస్తే చాలు.

"వచ్చుడు వచ్చుడే పోతున్నవ్, తిని పోవే!" అని శివమ్మ వెనక నుంచి అరుస్తూనే ఉంది.

కొత్త గది తెరిచే రోజు దగ్గర పడ్డాక సరిత, చలపతిగారు, కుర్మయ్య కోల్డ్‌స్టోరేజీకి వెళ్లారు. కుర్మయ్యను లోపలికి పంపేది లేదని గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు అడ్డుకున్నారు. రానివ్వకపోతే ఇక్కడే చేద్దామని సరిత గేటు పక్కన సెక్యూరిటీ వాళ్ల బల్ల మీదే డబ్బా పెట్టేసింది. రాఘవేందర్ విసుక్కుంటూ లోపలి నుంచి మూడు రకాల ప్యానెళ్లూ తెప్పించాడు. ఆయన వెనకే తమాషా చూద్దామని సగం స్టాఫ్ వచ్చి నిలబడ్డారు.

"ఈయన మీ డబ్బాలు కాల్చిండు సార్. మళ్ల ఈయన్నే కాల్చమంటున్న. మీరే చూడున్రి" అంది సరిత.

కుర్మయ్య తీగల కొసలు తాకించాడు. చిటుక్కుమంది. రాఘవేందర్ ఒక అడుగు వెనక్కి వేశాడు. ప్లస్సు, మైనస్సు చూడకుండా కలిపాడు. డబ్బా పని చేసింది. వోల్టుల ప్యానెల్‌కు మార్చాడు. పని చేసింది. అంకెల దానికి కలిపాడు, మధ్యలో ఊడబీకి మళ్లీ మిల్లీయాంపుల దానికి తగిలించాడు. ఆఖరికి స్క్రూల మధ్య ఒక తీగ ముక్క అడ్డం పెట్టి బిగించాడు. డబ్బా లైటు ఆరిపోయింది.

చలపతిగారు కళ్లు మూసుకున్నారు. స్టాఫ్‌లో ఎవరో కిసుక్కుమన్నారు.

"ఇప్పుడు ఆ ముక్క తియ్యి, జర ఆగు" అంది సరిత. చేతులు కట్టుకుని నిలబడింది గానీ, గోళ్లు తన చేతిలోనే దిగుతున్నాయి.

కాసేపటికి లైటు వెలిగింది. ప్యానెల్ మీద గేటు దగ్గర ఎంత ఎండ ఉందో అంత అంకె పడింది.

రాఘవేందర్ పక్కనున్న థర్మామీటరుతో పోల్చి చూసుకుని, "కొత్త గదికి మొత్తం ఇవే పెట్టున్రి" అన్నాడు. చలపతిగారి మొహం వెలిగిపోయింది. నమస్కారాలు చేసి, మళ్లీ చేశారు.

"మరి కుర్మన్న పాస్?" అని సరిత అడిగింది.

"అది వేరే ముచ్చటమ్మా. పాత కేసు రాంగ్ వైరింగ్ అని పైకి పోయింది. మీ కంపెనీ తప్పని మీరే చెప్తే తప్ప నేను మార్చలేను."

సరిత చలపతిగారి వైపు తిరిగింది. ఆయన చూపు తప్పించారు. "సరితా, ఇప్పుడు అవన్నీ ఎందుకు తవ్వడం? పని దొరికింది కదా. కుర్మయ్యకు మన షెడ్డులోనే ఏదో ఒకటి చూద్దాంలే" అని చెవిలో చెప్పినట్టు అన్నారు.

కుర్మయ్య నేల చూస్తూ తీగలు చుట్టుకుంటున్నాడు. అతను ఏమీ ఆశించడం లేదని సరితకు అర్థమైంది. మరుక్షణం మంట లేచింది. బల్ల మీది డబ్బాను తీసి తన బ్యాగులో వేసుకుని, జిప్పు లాగింది.

"అయితే ఈ డబ్బా ఈడ పెట్టం సార్. పాతదాన్ల తప్పు నేను గీసిన దారిల ఉండె. గది చెప్పకుంట కొత్తది అమ్ముడు నా తోని గాదు. రేపట్నుంచి మీ మూడు డబ్బాలు మీరే చేస్కోండ్రి."

"సరితా!"

"వాదన గాదు సార్. చెప్తున్న."

చలపతిగారికి ఆమెతో ఎన్నో వాదనలు తెలుసు. ఇది అలాంటిది కాదని తెలిసింది. ఎండలో నిలబడి చెమట తుడుచుకున్నారు. మర్యాదస్తుడన్న పేరు తనకు ఉత్తినే వచ్చిందా అని అప్పుడు అనిపించిందో, ఆమె లేని షెడ్డు కళ్ల ముందు కదిలిందో మరి. గొంతు సవరించుకుని, అందరికీ వినిపించేలా చెప్పారు.

"రాఘవేందర్ గారూ, పాత డబ్బాల్లో లోపం మాదేనండి. కుర్మయ్యది కాదు. రాతపూర్వకంగా ఇస్తాను."

రాఘవేందర్ ఆశ్చర్యంగా చూశాడు. "మీదే తప్పయితే, ఈ కొత్తదాన్ని ఎట్ల నమ్మాలె?"

"మీ ముందర పెట్టి కాల్చున్రి అన్న గద సార్" అంది సరిత. "ఇప్పటిదాక మీకు వస్తువు అమ్మినోళ్లల్ల ఇంకెవలన్నా అట్ల అన్నరా?"

ఆయనకు తెలిసి అలా ఎవరూ అనలేదు.

తర్వాతి వారం డబ్బాలు బిగించే రోజున సరిత కూడా వచ్చింది. కుర్మయ్య మెడలో కొత్త పాస్ వేలాడుతోంది. ఆమెకు లేదు. ఆ రోజు జాబితాలో పేరున్న వాళ్లకే ప్రవేశమని గేటు దగ్గర ఆమెను ఆపేశారు. కుర్మయ్య డబ్బాల పెట్టె భుజానికెత్తుకున్నాడు. సెక్యూరిటీ అతను పోయినసారి జరిగిన గొడవ మరిచిపోలేదు. పాస్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, అనుమానంగా అడిగాడు.

"ఒక్కడివే పోతవా? ఇంజనీర్ లేకుంట ఎట్ల?"

"ఇంజనీర్‌కు ఈడ పనేంది?" అన్నాడు కుర్మయ్య. "ఎట్ల కలిపినా కాలదు. పోనియ్, నేనున్న గద."

సరిత పక్కకు జరిగి అతనికి దారి ఇచ్చింది.